అందరూ పట్టే బండి

ఆ ఇంట్లో తెల్లవారడం వదిన నడుంతో మొదలయ్యేది. మంచం మీద నుంచి లేస్తూ ఆమె ఓ క్షణం వంగినట్టే ఆగి, ఇవాళ ఎలా ఉన్నావని నడుంనే అడిగినట్టు చూసుకునేది. బాగుంటే గబగబా వంటింట్లోకి, బాగోకపోతే గోడ పట్టుకుని వంటింట్లోకి. ఎలా ఉన్నా వెళ్ళేది మాత్రం వంటింట్లోకే.

ఆమెను మొదట్లో వదిన అని పిలిచింది ఆడపడుచు ఒక్కతే. ఏడాది తిరక్కుండానే ఆ పిలుపు ఇంటి గోడలు దాటింది. పక్కింటివాళ్ళకీ వదినే, పాలు పోసే మనిషికీ వదినే. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. పరగడుపున వచ్చి బారులు తీరే రోగులు ఆమె చేతికి దొరికితే చాలనుకునేవారు. పెద్ద డాక్టరు కూడా, "వదినగారిని పిలవండి, ఈయనకు నరం దొరకడం లేదట" అనేవాడు. భర్త మాత్రం ఏ పేరూ పెట్టకుండా "ఇదిగో" అనేవాడు.

ఆడపడుచును ఇంటిల్లిపాదీ పాప అనేవారు. నలభై దాటినా పాపే. ఒకప్పుడు ఆ పాప డ్రైవింగు స్కూల్లో కార్లు నేర్పేది. క్లచ్చు వదలడం రాక చెమటలు కక్కే మగవాళ్ళను నాలుగు తిట్లు తిట్టి దారిలో పెట్టిన మనిషి. వదినకు కారు నేర్పింది కూడా తనే. ఆరేళ్ళ కిందట వెన్నులో గడ్డ లేచింది. ఆపరేషను తర్వాత ప్రాణం దక్కింది కానీ నడుం కింద కాళ్ళు పలకడం మానేశాయి. అప్పటి నుంచి చక్రాల కుర్చీయే లోకం. ఆ స్కూలు వాళ్ళకే ఇంట్లో కూర్చుని ఫోన్లు మాట్లాడి, ఎవరు ఏ పూట రావాలో చెప్పే పని చేస్తోంది.

భర్త అచ్చుయంత్రం మీద పనిచేస్తాడు. ఎరుపులో పావు వంతు తేడా వచ్చినా పట్టేస్తాడు కానీ, ఒక కంట్లో చూపు చిన్నప్పుడే పోవడంతో బండి నడిపే యోగం లేదు. అత్తగారికి బండి ఎక్కడమే భయం. కొడుకు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. కాబట్టి ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా వదినే సారథి. ఆసుపత్రికి, బజారుకు, బ్యాంకుకు, చుట్టాలింటికి అన్నింటికీ ఆ పాత చిన్న కారు, ఆ వదిన.

ఆ రోజు సెలవు. కొత్త బండి కొనడానికి షోరూముకు బయల్దేరారు.

వదిన కుర్చీని కారు పక్కకు తెచ్చి, బ్రేకు వేసి, పాప చంకల కింద చేతులు పెట్టింది. పాప ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. వదిన ఊపిరి బిగబట్టి లేపి, ఒక అడుగు తిప్పి, ముందు సీట్లో దించింది. దించాక కారు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఆ తర్వాత కాళ్ళు ఒక్కొక్కటే లోపల పెట్టి, బెల్టు కట్టి, కుర్చీ మడిచి వెనక్కి తీసుకెళ్ళింది. కుర్చీ డిక్కీలో పట్టదు. సగం బయటే ఉంటుంది.

"ఇవాళ్టితో ఈ తాడు పీడా వదుల్తుందిలే" అన్నాడు భర్త, డిక్కీ మూతను కుర్చీ మీదికి లాగి తాడుతో కడుతూ. "కొత్తదాంట్లో పాపను కుర్చీతో సహా ఎక్కించెయ్యొచ్చు. పిల్లాడు వచ్చినా అందరం ఒక్కసారే పడతాం."

"బీరువాని ఎక్కించినట్టు" అంది పాప లోపల నుంచి.

"ఏమన్నావమ్మా?"

"ఏం లేదన్నయ్యా. బాగుంటుందన్నాను."

అత్తగారు చేతిసంచీ, మంచినీళ్ళ సీసా, అవసరమవుతుందో లేదో తెలియని దుప్పటీ పట్టుకుని వెనక సీట్లో సర్దుకుంది. వదిన స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది. వీధి చివర మలుపు తిరగకముందే పాప మొదలుపెట్టింది.

"వదినా, క్లచ్చు మీద నుంచి కాలు తియ్యి. అది కాలు పెట్టుకునే పీట కాదు."

"తీశానమ్మా."

"తియ్యలేదు. ఇంజను ఏడుస్తోంది, నీకు వినపడ్డం లేదా?"

"దాన్ని సతాయించకే" అంది అత్తగారు వెనక నుంచి. "అసలే పొద్దున్నుంచీ కాలు నిలవలేదు దానికి."

వదినకు ఈ మధ్య మాటకు మాట అనడానికి కూడా ఓపిక చాలడం లేదు. కొత్త బండి అని అందరూ సంబరపడుతుంటే ఆమెకు మాత్రం ఒకటే ఆలోచన: బండి పెద్దదైతే తిప్పాల్సిన మనుషులు పెరుగుతారు, తిప్పాల్సిన చోట్లూ పెరుగుతాయి. తిప్పేది మాత్రం తనొక్కతే.

షోరూము మొత్తం అద్దాలే. లోపల నేల తడి ఆరనట్టు మెరుస్తోంది, కొత్త టైర్ల వాసన. కానీ గుమ్మం ముందు రెండు మెట్లు ఉన్నాయి. కాపలా మనిషీ, సేల్స్ ఆయనా చెరోపక్కా కుర్చీ పట్టి పైకి లేపారు. పాప రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, గాల్లో తేలుతూ లోపలికి వచ్చింది.

సేల్స్ ఆయన నడివయసు మనిషి. మెడలో టై బిగుతుగా ఉంది, కళ్ళ కింద నిద్రలేమి. ఆయన మాటలన్నీ భర్తతోనే. మైలేజీ గురించి, సీట్ల గురించి, చల్లగాలి వెనకదాకా ఎలా వస్తుందో చెప్పుకుపోతున్నాడు. పక్కకు జరిగే తలుపు ఒక మీట నొక్కితే దానంతటదే తెరుచుకుంది. కింద నుంచి వాలుబల్ల ఒకటి మెల్లగా బయటికి వచ్చి నేలను తాకింది.

"పేషెంటును ఇలా నేరుగా తోసుకెళ్ళిపోవచ్చు సార్."

"పేషెంటు ఎవరండీ?" అంది పాప.

ఆయన తడబడ్డాడు. "సారీ మేడం. మిమ్మల్నే."

"నేను ఆరోగ్యంగానే ఉన్నాను. మీకే కాస్త నిద్ర కావాలనిపిస్తోంది."

ఆయన మొదటిసారి నవ్వాడు. భర్త మాత్రం చెల్లెలి వైపు కాస్త కటువుగా చూశాడు. కుర్చీని వాలుబల్ల మీదుగా లోపలికి తోసి, వెనక సీటు తీసేసిన చోట నిలిపి, నాలుగు మూలలా పట్టీలు బిగించారు. కొక్కేలు టకటకమని పడ్డాయి.

"చూడు తల్లీ, ఎంత హాయిగా ఉందో" అంది అత్తగారు తలుపులోంచి తొంగి చూసి. "కావాలంటే అక్కడే కునుకు తీయొచ్చు."

అక్కడ కూర్చున్న పాపకు ముందు సీట్ల వీపులు తప్ప ఏమీ కనపడవు. వదిన వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని, వెనక్కి చూసే అద్దం సర్దుకుంది. అద్దంలో పాప మొహం దూరంగా, చిన్నగా ఉంది. నోరు బిగించి ఉంది. అలిసిపోయిందేమోలే అనుకుంది వదిన. తన అలసటలో ఆమెకు అందరి మొహాల్లోనూ అలసటే కనిపించేది.

"ఓ రౌండు వేసి చూద్దామా సార్? నడిపేది మీరే కదా?" అన్నాడు సేల్స్ ఆయన.

"నేను కాదండీ, మా ఆవిడ."

అప్పుడు వెనక నుంచి పాప గొంతు వచ్చింది. "ఈ మోడల్లో గేర్లు వాటంతటవే మారేది ఉంది కదా. బ్రేకూ, యాక్సిలరేటరూ చేత్తో నడిపేలా అమర్చి ఇస్తారా?"

"ఇస్తాం మేడం. మా వర్క్‌షాపులోనే పెడతారు. స్టీరింగు పక్కన ఒక పిడి వస్తుంది. నెడితే బ్రేకు, లాగితే స్పీడు. డ్రైవరు సీటు కూడా పక్కకు తిరిగేది వేయించుకోవచ్చు." ఆయన అలవాటు కొద్దీ చెప్పుకుపోయి ఆగాడు. "ఎవరి కోసం మేడం?"

"నా కోసం."

భర్త నవ్వాడు. "పాపా, ఆయన నిజమనుకుంటాడు. ఇప్పుడు పరాచికాలు ఎందుకు?"

"పరాచికం కాదన్నయ్యా. మా స్కూలు మేడం చేత్తో నడిపే కారు ఒకటి పెట్టింది. పోయిన వేసవి నుంచి నేర్చుకుంటున్నాను. పరీక్ష కూడా పాసయ్యాను. నడిపితే నేను నడుపుతాను. ఇలా కట్టేసి తీసుకెళ్ళడానికైతే నాకు బండి వద్దు."

అత్తగారు పక్కనున్న కుర్చీలో కూలబడింది. భర్త మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోకముందే కోపం వచ్చి చేరింది. చుట్టూ మనుషులున్నారని గొంతు తగ్గించాడు.

"ఇది షోరూము. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్ళి మాట్లాడేదేముంది? బండి ఇక్కడుంది."

"నీకేమన్నా అయితే?"

"నాకు అవ్వాల్సింది అయిపోయిందిగా. అదేమీ బండి నడిపి తెచ్చుకుంది కాదు."

"అమ్మా, నువ్వు చెప్పు దీనికి" అన్నాడతను. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పాప ముందు సీటు వైపు చూసింది.

"వదినా, నువ్వు చెప్పు."

వదిన స్టీరింగు మీద చేతులు తియ్యకుండానే, "వద్దు" అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనిపించింది. భర్త వద్దంటాడని తెలుసు. అత్తగారు ఏడుస్తుందనీ తెలుసు. తను మాత్రం ఏమీ అనకుండా ఊరుకుంటుందని అనుకుంది. కానీ ఏళ్ళ తరబడి పేరుకున్నదేదో ఒక్కసారిగా పొంగింది.

"ఏదన్నా జరిగితే పరిగెత్తేది ఎవరు? నేనే కదా. ఆసుపత్రిలో నీ పక్కన కూర్చునేది నేనే కదా. నాకు ఇంక ఓపిక లేదు పాపా. రోజూ పొద్దున్నే నీకు అన్నీ అమర్చి, కుర్చీ కిటికీ దగ్గర పెట్టి, ఫోను చేతికిచ్చి వెళ్తున్నానే, నేనటు వెళ్ళగానే నువ్విటు వెళ్ళిపోతున్నావా?"

"మంగళవారాలు మాత్రమే. అమ్మ మధ్యాహ్నం పడుకున్నాక. మేడం వచ్చి తీసుకెళ్ళేది."

"ఆవిడ కార్లోకి నిన్ను ఎవరు ఎత్తారు?"

"ఎవరూ ఎత్తలేదు. నేనే ఎక్కాను."

వదిన సీట్లోంచి వెనక్కి తిరిగింది. నడుంలో కలుక్కుమన్నా ఆగలేదు. "నువ్వే ఎక్కగలిగినప్పుడు ఇన్నాళ్ళూ నా చేత ఎందుకు ఎత్తించుకున్నావు?"

పాప పట్టీ కొక్కేన్ని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. సేల్స్ ఆయన గొంతు సవరించుకుని, "టీ తెప్పించమంటారా సార్?" అన్నాడు. ఎవరూ తాగుతామనలేదు. బండి బుక్ చేయకుండానే బయటికి వచ్చేశారు.

పాత కారు దగ్గర వదిన అలవాటుగా వంగింది. పాప చేత్తో ఆపింది.

"ఈసారి నేనే ఎక్కుతాను. కాస్త ఓపిక పట్టు."

కుర్చీ వెనక సంచీలోంచి నున్నటి చెక్క పలక ఒకటి తీసింది. ఫోన్లో మాట్లాడేటప్పుడు రాసుకోవడానికి ఒళ్ళో పెట్టుకునే పలక అని ఇంట్లో అందరూ అనుకున్నది అదే. దాని ఒక అంచు తన కింద దోపి, రెండోది కారు సీటు మీద ఆనించింది. ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి కుర్చీ మీద మోపి జరిగింది. ఓ జానెడు జరిగి ఆగింది. ఊపిరి తీసుకుని మళ్ళీ జరిగింది. ఎండ నడినెత్తిన ఉంది. ఆమె కణతల మీద నుంచి చెమట కారి చెవి పక్కన చేరింది. భుజాలు వణుకుతున్నాయి. వదిన చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి.

"వద్దు" అంది పాప.

వదిన చేతులు వెనక్కి తీసుకుంది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. కారు తలుపు పట్టుకుంది. ఆరేళ్ళలో ఆ కారు పక్కన చేతులు ఖాళీగా పెట్టుకుని ఆమె నిలబడ్డది అదే మొదలు. అటు నీడలో భర్తా, అత్తగారూ ఇటే చూస్తూ నిలబడ్డారు.

చివరికి పాప సీట్లోకి జరిగి, కాళ్ళను రెండు చేతులతో ఒక్కొక్కటే ఎత్తి లోపల పెట్టుకుని, బెల్టు లాగి కట్టుకుంది. కాసేపు కళ్ళు మూసుకుంది.

"అడిగావు కదా" అంది కళ్ళు మూసుకునే. "మొదట్లో నాకు నిజంగానే చేతకాదు. చేతనయ్యాక చెప్దామనుకున్నాను. కానీ పొద్దున్న నీకు ల్యాబుకు టైమైపోతూ ఉంటుంది. నేను పలక తీసేలోపే నన్ను ఎత్తి కూర్చోబెట్టేసి ఉంటావు. 'ఉండు వదినా, నేను చూస్తాను' అని ఎన్నిసార్లన్నానో. నువ్వు వినలేదు. వినే తీరిక లేదు నీకు. నేనూ అనడం మానేశాను."

వదిన తలుపు పట్టుకునే నిలబడింది.

"ఎత్తించుకోవడం నాకేమన్నా సుఖం అనుకున్నావా? నీ మెడ పట్టుకున్న ప్రతిసారీ నీ ఊపిరి ఆగిపోవడం నా చెవి పక్కనే కదా వినపడేది."

"నేర్చుకుంటున్నానని నాకన్నా చెప్పొచ్చుగా."

"చెప్తే సరే అంటావు. సరే అని, నువ్వే దించుతావు, నువ్వే మళ్ళీ వచ్చి తీసుకెళ్తావు. నీ పనుల్లో అదొకటి చేరుతుంది. ఒక్కటంటే ఒక్క పనైనా నీ నడుం మీద పడకుండా చేసుకుందామనుకున్నాను వదినా. అంతే."

వదిన తలుపు మెల్లగా మూసి, అటు తిరిగి వచ్చి తన సీట్లో కూర్చుంది. తోవంతా క్లచ్చు మీద నుంచి కాలు తియ్యమని కూడా ఎవరూ అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇల్లు మూగపోయింది. భర్త పళ్ళెం ముందు కూర్చుని తల వంచుకుని తిని లేచిపోయేవాడు. అత్తగారు మధ్యాహ్నం నిద్ర మానేసి కూతురి గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాసింది. పాప ఫోన్లు మాట్లాడుకుంటూ, పుస్తకంలో తల దూర్చి ఉండేది. వదినతో మాత్రం, "కాస్త ఆ కిటికీ తెరుస్తావా", "టీ చాలు" లాంటి ముక్తసరి మాటలే.

వదిన పని చేసుకుపోతూనే ఉంది, కానీ మనసు పనిలో లేదు. 'ఉండు వదినా, నేను చూస్తాను.' అవును, పాప ఆ మాట అనేది. విన్నట్టే గుర్తు. విని, "నువ్వేం చూస్తావులే" అని నవ్వి ఎత్తేసిన రోజులూ ఉన్నాయి. అది తొందర వల్లేనా? ఆమె తనను తాను వదిలిపెట్టకుండా అడిగి చూసుకుంది. చుట్టాలు వస్తే, "నేను రెండు రోజులు మంచాన పడితే ఈ ఇల్లు కదలదు" అని తనే చెప్పుకునేది. విసుగ్గా చెప్పేది. ఆ విసుగులో కాస్త తీపి ఉండేది. అందరూ "నిజమే, నువ్వు లేకపోతే ఎలా" అనేవారు. ఆ మాటతో మళ్ళీ నాలుగు రోజులు నడుం నిలబడేది. పాప తనంతట తాను ఎక్కి, తనంతట తాను నడిపితే, ఆ మాట ఇక ఎవరంటారు? షోరూములో తను వద్దన్నది పాపకు ఏదో అవుతుందని కాదేమో. తనకు ఏమీ మిగలదనేమో. అది తెలిశాక సింకు ముందు నిలబడి, కొళాయి తిప్పిపెట్టి, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది.

మర్నాడు ల్యాబులో ఒక ముసలావిడ పొడుగు చేతుల రవిక గుండీ విప్పడానికి తంటాలు పడుతోంది. వేళ్ళు వణుకుతున్నాయి. వెనక వరసలో జనం సణుగుతున్నారు. వదిన చెయ్యి చాచి, మళ్ళీ తీసేసుకుంది.

"మెల్లగా కానివ్వండి పెద్దమ్మా. తొందరేం లేదు."

పెద్దావిడ గుండీ విప్పుకుని, చెయ్యి మడిచి పెట్టి, "ఇంట్లో అయితే మా కోడలు విప్పేస్తుంది. నాకు ఇష్టం ఉండదు, చెప్పలేను" అంది. వదిన నరం వెతుక్కుంది.

మంగళవారం మధ్యాహ్నం పాప గది గుమ్మంలో అత్తగారు కునికిపాట్లు పడుతుంటే వదిన ఇంటికి వచ్చింది.

"సగం రోజు సెలవు పెట్టాను" అంది పాపతో. "మీ మేడం వస్తే నన్ను కూడా తీసుకెళ్తారా?"

పాప ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "తిట్టడానికైతే రావొద్దు."

"తిట్లు తినడానికే వస్తున్నాను. నువ్వు నేర్పినప్పుడు తిన్నవి చాలలేదు."

డ్రైవింగు స్కూలు మైదానంలో తెల్లగీతలు గీసి ఉన్నాయి. పాప నడిపింది. వదిన పక్కన కూర్చుంది. కారు గీతల మధ్య నుంచి వంక లేకుండా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, ఇరుకు సందులో తిరిగింది. పాప ఎడమ చెయ్యి పిడి మీద, కుడి చెయ్యి స్టీరింగు మీద ఉన్నాయి. మాటలు లేవు, విసుర్లు లేవు. వీపు నిటారుగా ఉంది. వదిన గీతల వైపు చూడటం మానేసి పాప మొహం చూస్తూ కూర్చుంది. ఆపరేషను తర్వాత అలాంటి మొహం ఆమె చూడలేదు.

ఆ సాయంత్రం భోజనాలకు కూర్చున్నప్పుడు వదిన వడ్డిస్తూ చెప్పింది. "రేపు షోరూముకు ఫోన్ చెయ్యండి. చేతి పిడి పెట్టించమని చెప్పండి."

భర్త ముద్ద చేతిలోనే ఆపాడు. "వద్దన్నది నువ్వే కదా."

"అన్నాను. తప్పుగా అన్నాను."

"దానికి ఏమన్నా అయితే..."

"మీ భయం నాకు తెలుసు. ఆపరేషను రోజున మీరు ఎలా ఉన్నారో చూశాను. కానీ మీ భయానికి తనను వెనక కట్టేసి కూర్చోబెడితే ఎలా? ఒక మాట చెప్తాను వినండి. కొత్త బండి నేను ముట్టుకోను. పాప నడిపితే బండి కొనండి. లేదంటే వద్దు. నాకు నిజంగానే ఓపిక అయిపోయింది. అలకతో చెప్పడం లేదు."

అతను భార్య వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆమె ఇది చెయ్యను అని అనగా వినలేదు. నిలబడి వడ్డిస్తున్న మనిషి ఒక చేత్తో బల్ల పట్టుకుని ఉండటం అప్పుడు కనపడిందతనికి. లేచి కుర్చీ ఒకటి లాగాడు.

"కూర్చో. నేను వడ్డించుకుంటాను."

"నాకు భయమే బాబూ" అంది అత్తగారు నీరసంగా.

"భయపడండి అత్తయ్యా. భయపడుతూనే ఎక్కండి. నేను నడిపితే ఎక్కడం లేదా?"

"నువ్వు నడిపినా భయమే. నొచ్చుకుంటావని చెప్పలేదు."

పాప పొలమారేలా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ బల్ల దగ్గర నవ్వు వినపడింది. భర్త అటు తిరిగి, కూర గిన్నెలో గరిటె వెతుకుతున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

బండి అమరిక పూర్తయి చేతికి వచ్చేసరికి కొన్ని వారాలు పట్టింది. ఈసారి సేల్స్ ఆయన భర్త వైపు చూడకుండా నేరుగా పాప దగ్గరికి వచ్చి తాళం చేతిలో పెట్టాడు. పిడి బిగువు సరిపోయిందో లేదో చూడమన్నాడు. పాప రెండుసార్లు నెట్టి చూసి, కాస్త వదులు చెయ్యాలంది. ఆయన చేయించాడు.

మొదటి పెద్ద ప్రయాణం కొడుకును చూడటానికి. తెల్లారే బయల్దేరి వెళ్ళి, వాడితో ఓ పూట గడిపి, మధ్యాహ్నం తిరిగి బయల్దేరారు. వెనక సీట్లో అత్తగారు ఒళ్ళో దుప్పటి పెట్టుకుని రెండు చేతులతో పైన పిడి పట్టుకుని కూర్చుంది. భర్త ఆమె పక్కన కూర్చుని, లారీ ఎదురైనప్పుడల్లా లేని బ్రేకును కాలితో తొక్కుతున్నాడు.

"అన్నయ్యా, నేల బొక్క పడుతుంది" అంది పాప.

వదిన ముందు, పాప పక్కన కూర్చుంది. మొదట్లో ఆమె కూడా ప్రతి మలుపు దగ్గరా తనే తిప్పుతున్నట్టు ఒళ్ళు బిగబట్టింది. అద్దంలో వెనక వచ్చే బళ్ళను చూసింది. కాళ్ళు కింద పెడళ్ళ కోసం వెతికాయి. అక్కడ ఏమీ లేవు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. చెయ్యాల్సిన పని ఏదీ లేదు. పక్క నుంచి పొలాలూ, పెట్రోలు బంకులూ, ఎవరివో ఇళ్ళూ వెళ్ళిపోతున్నాయి. కాసేపు కళ్ళు మూసుకుందామనుకుంది. కాసేపే.

మెలకువ వచ్చేసరికి బండి కదలడం లేదు. ఇంజను చప్పుడు లేదు. ఎక్కడున్నామో ఆమెకు ఒక్కసారిగా తెలియలేదు. కళ్ళు నులుముకుని చూస్తే, ఎదురుగా వాళ్ళ ఇంటి గేటు. వచ్చేసి చాలాసేపే అయినట్టుంది. ఎండ దిగిపోయి, గోడ మీద పసుపు వెలుగు సన్నబడింది. అత్తగారి దుప్పటి తన మీద కప్పి ఉంది.

ఎవరూ దిగలేదు. పాప స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. వెనక భర్త, ఎదురింటాయన ఏదో అడగబోతే కిటికీ అద్దంలోంచే వేలు నోటి మీద పెట్టి చూపిస్తున్నాడు. అత్తగారు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నట్టు కూర్చుంది.

"వచ్చేశామా? లేపొచ్చుగా" అంది వదిన కంగారుగా లేవబోతూ. "గేటు తియ్యాలి. పొయ్యి మీద ఏదన్నా..."

"ఉండు వదినా" అంది పాప. "నేను చూస్తాను."

వదిన ఆగింది. ఎప్పుడూ తొందరలో వినకుండా దాటేసిన ఆ మాట ఈసారి పూర్తిగా వినపడింది. కళ్ళల్లోంచి నీళ్ళు జారి దుప్పటి మీద పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు. మళ్ళీ సీటుకు తల ఆనించి, "సరే, చూడు" అంది.